ఒక్కపొద్దు నూకలు

సూది తీసిన చోట దూది పెట్టి, పది నిమిషాలు గట్టిగా ఒత్తి పట్టుకోవాలని చెప్పి ల్యాబు పిల్ల లోపలికి పోయింది. అందరికీ రెండు నిమిషాలే, పద్మజకు మాత్రం పది. ఆ పిల్లకు తెలుసు, మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చున్న అతనికి తెలుసు, నేల తుడిచే ముసలమ్మకు కూడా తెలుసు, ఈమె ఎలుకల మందు తిన్న మనిషి అని. తెలిసినవాళ్లు ఊరికే ఉంటారా, కొత్తగా వచ్చినవాళ్ల చెవిలో వేస్తారు. సూది ఎడమ చేతికి గుచ్చారు. ఒత్తిపట్టాల్సిన కుడి చేతిలో బలం లేదు. అందుకని పక్కన కూర్చున్న మొగుడు నాగేశ్ తన బొటనవేలితో ఒత్తిపట్టాడు. పదకొండు నెలలుగా ఆ వేలికి ఇదొక పని. నాగర్‌కర్నూల్‌లో ఈ దవాఖానకు వచ్చిన ప్రతిసారీ ఇదే బల్ల, ఇదే దూది, ఇదే వేలు. రిపోర్టు గంటలో వస్తుందన్నారు. గోలీలు ఆపి పదిహేను రోజులైంది. గోలీ ఆసరా లేకుండా రక్తం దానంతటది గడ్డకడుతుందా లేదా అన్నది ఇవాళ తేలుతుంది. అంకె ఒకటి దగ్గర ఉంటే గండం గడిచినట్టు. రెండు దాటితే మళ్లీ గోలీలు, మళ్లీ మూడు నెలలు. మొట్టమొదటిసారి మిషను అంకే చెప్పలేకపోయిందట, ఎంతసేపు చూసినా రక్తం నీళ్లలాగే ఉండిపోయిందట. ఇవాళ అంకె మంచిగా వస్తే డాక్టరు కాగితం రాసివ్వాలి. కాగితం ఉంటే అమూల్య ఇంటికి వస్తుంది. ఈ భూమ్మీద పద్మజకు కావలసింది ఆ ఒక్క కాగితమే.

అమూల్యకు తొమ్మిదేళ్లు. వనపర్తిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. చదువుకుంటోంది అనేది మర్యాదకు చెప్పే మాట, తల్లి దగ్గర ఉంచొద్దని పంపించారు, అసలు సంగతి అది. పద్మజను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన వారానికి పెద్దమనుషులు కూర్చున్నారు. అత్త జోగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే చెప్పాల్సింది చెప్పింది. "నా కోడలు నాకు బరువు గాదయ్యా. గని మందు తిన్న చెయ్యి అది. రేపు కోపానికొచ్చి పిల్లకింత కలిపి పెడితే ఎవరు జవాబు చెప్తరు?" మనసు కుదుటపడిందని డాక్టరు రాసిచ్చేదాకా పొయ్యి ముట్టొద్దు, పిల్లను పక్కలో వేసుకోవద్దు అని తీర్మానమైంది. అప్పటికింకా నోరు తిరగని పద్మజ మధ్యలో కూర్చుని అందరి మొహాలూ చూసింది. డాక్టరు మంచివాడే, కసురుకోడు, విసుక్కోడు, కానీ ఆయనకూ ఒక పట్టుంది. "రక్తం సంగతి మిషను చెప్తదమ్మా. నీ మనసు సంగతి నువ్వే చెప్పాలె గద. ఎందుకు తిన్నవో చెప్పు, మళ్ల తిననని చెప్పు. అప్పుడు సంతకం పెడత." వచ్చిన ప్రతిసారీ ఆయన అదే అడిగాడు, ప్రతిసారీ ఈమె "నేను తినలే సార్" అనే చెప్పింది, ప్రతిసారీ ఆయన నిట్టూర్చి కాగితం పక్కకు నెట్టాడు. ఒప్పుకోని రోగికి రోగం నయమైందని ఎట్లా రాస్తాడు పాపం, ఆయన చదివిన చదువు అట్లాంటిది.

మోచేతి పైన నిన్న పొద్దున ఒక నీలిమచ్చ కనిపించింది. తలుపు గడియ తగిలిందా, పడుకున్నప్పుడు గోడకు కొట్టుకుందా? లేకపోతే అదేనా? లేచీ లేవగానే ఒళ్లంతా వెతుక్కోవడం ఇప్పుడు అలవాటైపోయింది. మోకాళ్ల కింద చూసుకోవాలి, తొడలు చూసుకోవాలి, వేలితో పళ్లు తోముకుని ఉమ్మి రంగు చూసుకోవాలి, దొడ్డికి పోయినా ఒంటికి పోయినా రంగు చూసుకోవాలి. నెలసరి వచ్చిందంటే ఆ ఐదు రోజులూ ప్రాణం గుప్పిట్లోనే. ముక్కు గట్టిగా చీదొద్దు, కొడవలి పట్టొద్దు, కత్తిపీట ముందు కూర్చోవద్దు. ఒకప్పుడు పల్లికాయ పీకుతుంటే ఆమె సాలు వెంట ఇద్దరు మొగవాళ్లు కూడా అందుకోలేకపోయేవాళ్లు. ఇప్పుడు రైక గుండీ పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు. మాట కూడా అంతే, నాలుక కొనదాకా వచ్చి తోవ మరిచిన మేకపిల్లలాగా అక్కడే నిలబడిపోతుంది. ఆ మందు ఒంట్లోకి పోతే ఒక్క పూటతో పోయేది కాదట, కాలేయంలో నెలల తరబడి తిష్టవేసి కూర్చుంటుందట. చుట్టమొచ్చి కూర్చున్నా ఇన్ని రోజులు ఉండడు కదా. పదకొండు నెలలుగా దాన్ని ఒంట్లో పెట్టుకునే తిరిగింది, తిన్నది, పడుకుంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పోయిందో మాత్రం తెలియదు.

తెలియదా? తెలుసా? అదే పరేషాన్. తలలో రక్తం కారినప్పుడు కొన్ని సంగతులు యాదిలో ఉండవని డాక్టరు చెప్పాడు. అయితే తిన్న సంగతి కూడా కొట్టుకుపోయిందా? రాత్రుళ్లు వెల్లకిలా పడుకుని ఆ చెయ్యి కోసం వెతుక్కుంటుంది, ప్యాకెట్టు చింపే చెయ్యి, నోట్లో పోసుకునే చెయ్యి. దొరకదు. కానీ తను అన్న మాట మాత్రం దొరుకుతుంది, అది మరిచిపోయిందంటే అబద్ధం. అమూల్యను హాస్టల్లో వేస్తానని నాగేశ్ అన్నాడు, నా పిల్లను ఎక్కడికీ పంపనని ఈమె అంది, మాటా మాటా పెరిగింది, అత్త అందుకుంది, ఈమె తట్ట నేలకేసి కొట్టి అరిచింది. "ఇంత మందు తిని సస్త, అప్పుడు మీ అందరి పీడ వోతది!" గోడ అవతల సత్తెమ్మ విన్నది. ఈ మాట అనని ఆడమనిషి ఆ వాడకట్టులో ఒక్కతి ఉందా? సత్తెమ్మ అనలేదా? జోగులమ్మ స్వయంగా పొద్దునొకసారి మాపునొకసారి అంటుంది, దేవుడికి దండం పెట్టినట్టు. అందరూ అన్నారు, అందరూ మర్నాడు లేచి రొట్టెలు చేసుకున్నారు. పద్మజ మాత్రం అన్న నాలుగో రోజుకు చేనులో కుప్పకూలింది. ముక్కులోంచి రక్తం, చిగుళ్లలోంచి రక్తం, కుడి చెయ్యీ కాలూ కట్టె. గూట్లో చింపిన మందు ప్యాకెట్టు ఉండనే ఉంది. సగం చేనుకు వాడిన, సగం అండ్లనే ఉండె అని నాగేశ్ పోలీసాయనకు చెప్పాడట. ఇంకేం కావాలి? ఊరు మొత్తం ఒక్క ముక్కలో తేల్చేసింది, అన్నది, తిన్నది. కన్నతల్లి కూడా దవాఖానలో మంచం పట్టె మీద చెంప ఆనించి "ఎందుకు జేసినవే బిడ్డా" అనే ఏడ్చింది.

ఒక్క అమూల్య నమ్మలేదు. వనపర్తి బడిలో ఎవరో పిల్ల "మీ అమ్మ ఎలుకల మందు తిన్నదంట గద" అంటే ఆ పిల్ల మొహం గోళ్లతో బరికిందట. టీచరు మోకాళ్ల మీద నిలబెట్టినా తప్పైందనలేదట. "మా అమ్మ తినలే. తింటే ముందుగాల నాకు చెప్పేది" అన్నదట. మేనత్త ఫోన్లో ఇది చెప్పి, పిల్లకు మొండితనం ఎక్కువైంది వదినా అని నొచ్చుకుంది. పద్మజ ఆ మొండితనం తలుచుకుని ఎన్ని పూటలు కడుపు నింపుకుందో. కన్నతల్లి నమ్మలేదు, కట్టుకున్నవాడు అవునని కాదని అనలేదు, తొమ్మిదేళ్ల పిల్ల నమ్మింది. పిల్ల పడుకునేటప్పుడు కాలు తీసి తల్లి పొట్ట మీద వేసేది. ఆ బరువు లేక పదకొండు నెలలుగా పొట్ట మీద దిండు పెట్టుకుని పడుకుంటోంది. దిండుకు వేడి ఉంటుందా పాడా.

బల్ల మీద అటు చివర కూర్చున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. పేరు ఎల్లయ్యట, భార్యకు షుగరు చూపించడానికి వచ్చాడు. ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి, ఎవరు కనిపిస్తే వాళ్లతో వానలు, చేలు, కరెంటు అన్నీ మాట్లాడేశాడు, ఇప్పుడు నాగేశ్ వంతు వచ్చింది. "పల్లి ఏసినవా నాయినా?" "ఏసిన." "మా దిక్కు ఎలుకలు ఆగం జేస్తున్నయి పో. ఇత్తనం పడ్డ మూడోనాటికి సాలు సాలంత తవ్వి పెడుతున్నయి. మొన్న ఐతారం మందు పెట్టిన. సార్లు జెప్పినట్టే రెండు దినాలు ఉత్త నూకలకు నూనె రాసి బొక్కల కాడ పెట్టిన. ముసలిదొంగలు గదా, కొత్త తిండి నమ్మవు, రుచి మరిగించాలె. మూడోనాడు మందు కలిపిన నూకలు పెట్టిన. ఇగ సూడు, గట్టు పొంట ఎన్ని పడ్డయో! ఆ మందు తప్పదు నాయినా, పెడితే సచ్చుడే. నువ్వేమన్న పెట్టినవా?" "లే. ఈయేడు పెట్టలే." "పోయినేడు పెట్టినవా? సచ్చినయా?" పద్మజ చేతి మీద బొటనవేలు ఒక్కసారి దిగబడింది. "పోయినేడుదా? యాదికి లేదు తాతా" అన్నాడు నాగేశ్, అని గోడ మీద గడియారం వైపు చూశాడు.

యాదికి లేదా? యాదిలో లేకపోవడం ఆమె వంతు కదా, ఇతని వంతెప్పుడైంది? ఆమెకే యాదిలో ఉంది, ఎంత బాగా ఉందంటే చెవిలో ఇప్పటికీ మోగుతోంది. పోయినేడు కార్తీకమంతా నాగేశ్ మందు అమ్మినవాడిని తిట్టని పూట లేదు. చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ తిట్టాడు, తింటూ తిట్టాడు, బీడీ ముట్టించి తిట్టాడు. నకిలీ మందు అంటగట్టిండు లంజకొడుకు, ఒక్క ఎలుక సావలే, తిని బలిసినయి, వాని షాపు ముంగల కూసుంట చూడు అని. రోజూ ఆ తిట్లు వింటూ అమూల్య నవ్వేది, నాయిన మళ్ల షురూ జేసిండు అని. మందు పెట్టినా ఎలుకలు చావలేదు, ఈ ముసలాయన చేనులో చచ్చాయి, మరి మా చేనులో ఎందుకు చావలేదు? నకిలీదై ఉంటుంది. నకిలీ మందు తింటే మనిషి కూలుతుందా? తలలో రక్తం కారుతుందా? మిషను అంకె చెప్పలేకపోతుందా? నాగేశ్ సరే, ఒకసారి పట్టుకుంటే ఏడేళ్లు వదలడు, పెళ్లినాడు కూర చాలలేదని ఇప్పటికీ వాళ్ల మేనమామను సాధిస్తాడు, అట్లాంటివాడు ఆ మందు దుకాణం వాడిని ఎప్పటిదాకా తిట్టాడు? ఎప్పుడు ఆపాడు? ఆమె దవాఖాన నుంచి వచ్చాక ఒక్కసారైనా తిట్టాడా? గుర్తు చేసుకుంది. వెతికింది. ఒక్కసారి కూడా లేదు. ఆ మాటే లేదు.

మందు చేనుకు పోలేదు. అయితే ఎటు పోయింది? ప్యాకెట్టులో సగం మిగిలిందన్నాడు. ఎక్కడ మిగిలింది? ఇంటి ముందు అతను సంచి పట్ట పరిచి నూకలు కలుపుతుంటే ఆమె కల్లాపి చల్లుతోంది, కళ్లారా చూసింది. ప్యాకెట్టును తలకిందులు చేసి అడుగున తట్టి తట్టి దులిపాడు, గింజంత పొడి కూడా మిగలనివ్వలేదు, చేతులు అంటకుండా కట్టెతో కలిపాడు. పక్కన ఇంకో కుప్ప, నూనె రెండింటికీ, మందు ఒకదానికే. ఏ నూనె? పల్లినూనె. పల్లినూనె వాసన... ఆ వాసన ఇంకెక్కడో వచ్చింది. వంటింట్లో. స్టీలు డబ్బా మూత తీస్తే వచ్చింది. అయ్యో. కార్తీక సోమవారాలు ఒక్కపొద్దు ఉండేది కదా తను, పొద్దంతా ఏమీ ముట్టకుండా మాపున దీపం పెట్టి, చుక్కలు చూసి, ఒక్కపొద్దు విడిచేది. ఒక్కపొద్దు నాడు అన్నం తినకూడదు, నూకలతో ఉప్మా చేసుకునేది. అత్తకు షుగరు, ఒక్కపొద్దులు మానేసి నాలుగేళ్లు, మొగుడికి ఉప్మా అంటేనే పడదు, ఆ ఇంట్లో నూకలు వండేది తనొక్కతే, తినేదీ తనొక్కతే. రెండో సోమవారం డబ్బా తీస్తే నిండా నూకలున్నాయి, వేళ్లకు నూనె జిడ్డు తగిలింది. అందులో వింతేముంది? పురుగు పట్టకుండా అత్త కందిపప్పుకూ నూకలకూ ఎప్పుడూ ఆముదం రాసే పెడుతుంది, పదేళ్లుగా ఆ వంటింట్లో వండిన మనిషికి జిడ్డు నూకలు చూస్తే ముద్దే వస్తుంది గానీ భయమేస్తుందా? ఆముదం వాసన రాలేదు, పల్లినూనె వాసన వచ్చింది, ఆముదం అయిపోయిందేమో అనుకుంది. పోపుకు నూనె తక్కువ పడుతుందిలే అని సంతోషపడింది కూడా. కాస్త మబ్బుగా ఉన్నాయి, పసుపు వేస్తే అన్నీ ఒక్కటే. రెండో సోమవారం, మూడో సోమవారం, నాలుగో సోమవారం. చేతులారా వేయించి, చేతులారా వండి, దేవుడి ముందు పెట్టి, దండం పెట్టి తిన్నది.

మూడో సోమవారం అమూల్య పక్కన చేరింది. అమ్మా నాకొక బుక్క అంది. అప్పటికే పిల్లకు అన్నం పెట్టేసింది, అయినా అడిగితే లేదనబుద్ధి కాలేదు, ముద్ద చేసి నోట్లో పెట్టింది. పెట్టింది! ఈ చేత్తోనే, అప్పటికి బలమున్న ఈ కుడి చేత్తోనే పెట్టింది. పిల్ల ఒక్క క్షణం నమిలి, పచ్చిమిరపకాయ కొరికి, కెవ్వుమని వాకిట్లోకి ఉరికి ఉమ్మేసింది. నీళ్లు, చక్కెర, ఏడుపు. కారం ఎక్కువేశావని ఆ రోజు అత్త తిట్టింది. ఒక్క మిరపకాయ. ఆ ఒక్క మిరపకాయ అడ్డం పడకపోతే పిల్ల గిన్నె ఖాళీ చేసేది, పిల్ల ఒళ్లెంత, పిల్ల రక్తమెంత? బల్ల పట్టుకుందామంటే చేతులు రెండూ పని చేయలేదు, ఒకదానికి బలం లేదు, ఇంకోదాని మీద అతని వేలుంది.

ఇంకొకటి కూడా ఉంది, అదీ వచ్చి ఎదురుగా నిలబడింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన రోజు వంటింట్లోకి తొంగిచూస్తే నూకల డబ్బా తళతళా తోమి బోర్లించి ఉంది. ఎవరు తోమారు అంటే నేనే అన్నాడు నాగేశ్, పురుగు వట్టింది పారేసిన అన్నాడు. పెళ్లయి పదకొండేళ్లలో ఒక్క చెంచా కడగని మనిషి! తన కోసం ఇంత మారాడా అని ఆ రోజు ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత పిచ్చిది! ఆ డబ్బా తలుచుకుని తలుచుకుని అతన్ని ఎన్నిసార్లు వెనకేసుకొచ్చింది, నా మొగుడు అవునని కాదని అనకపోతేనేమి, నా గిన్నెలు తోముతున్నాడు అని. పుండు మీద కారం చల్లినా ఇంత మండదు.

"వేలు తియ్యి" అంది.

"ఇంకా పది నిమిషాలు గాలే."

"తియ్యి. నూకలు డబ్బాల పోసింది నువ్వేనా?"

ఎల్లయ్యను అప్పుడే లోపలికి పిలిచారు, భార్య చెయ్యి పట్టుకుని లేచి పోయాడు. బల్ల మీద ఇద్దరే మిగిలారు. నాగేశ్ వేలు తీయలేదు. ఇంకా గట్టిగా ఒత్తాడు. ఆ ఒత్తుడుతో ఆమెకు జవాబు వచ్చేసింది, అయినా నోటితో వినాలనిపించింది, పదకొండు నెలలు అందరి నోటా విన్నది కదా, ఇతని నోటా ఒక్క ముక్క వింటే ఏం పోయింది.

"ఉత్తయనుకున్న పద్మా" అన్నాడు, నేలకు చెప్తున్నట్టు. "రెండు కుప్పలు రెండు సంచులల్ల పోసిన. రెండు ఒక్కతీరు సంచులే. ఉత్తయి మిగిలినయి, తిండిగింజలు పారేసుడెందుకని డబ్బాల పోసిన. చేన్ల ఎలుకలు సావకుంటే గూడ నా మొద్దు బుర్రకు తట్టలే. నువ్వు పడ్డంక, దవాఖానల రెండోనాడు, ఆడ డాక్టరమ్మ ఏం తిన్నది ఏం తిన్నది అని ఒక్కొక్కటి అడుగుతుంటే అప్పుడు తట్టింది."

"తడితే చెప్పనీకి ఏమొచ్చింది?"

"నువ్వు సస్తవనుకున్న. సచ్చినంక చెప్పి ఏం లాభం, పెండ్లాన్ని మందు పెట్టి సంపిండంటరు, జైల్ల ఏస్తరు, పిల్ల దిక్కులేనిదైతది అనుకున్న." దూది ఎత్తి చూసి మళ్లీ ఒత్తాడు. "బతికినంక చెప్పనీకి నోరు రాలే."

ఏడుపు రాలేదు ఆమెకు. ఏడుపు కంటే ముందు ఒక వింత నిమ్మళం వచ్చింది. నేను తినలేదు. రాత్రుళ్లు వెతికిన ఆ చెయ్యి లేదు, ఎక్కడా లేదు, ఎప్పుడూ లేదు. నా తల చెడలేదు. ఆ నిమ్మళం వెనకాలే కోపం వచ్చింది, వరద మీద వరద. తెలియక పోశావు, అది పొరపాటు, మనుషులు చేసేదే, దేవుడైనా క్షమిస్తాడు. తెలిసి పదకొండు నెలలు నా చెయ్యి ఒత్తి పట్టుకుని కూర్చున్నావే, మీ అమ్మ నన్ను మందు తిన్న చెయ్యి అంటుంటే పక్కనే బువ్వ తిన్నావే, నా పిల్లను నీ చేత్తోనే బస్సెక్కించి వచ్చావే, అప్పుడెక్కడ పోయింది నీ నోరు? ఇవన్నీ అనాలనుకుంది. ఒక్క మాట కూడా పూర్తిగా బయటికి రాలేదు, అలవాటు ప్రకారం నాలుక కొనన ఆగిపోయాయి. చివరికి వచ్చింది ఇంతే. "లోపటికి పోయినంక చెప్పు. డాక్టరు సారుకు నువ్వే చెప్పు." అతను తలాడించాడు. అవునని ఆడించాడో, ఊరికే ఆడించాడో.

రిపోర్టు వచ్చాక పేరు పిలిచారు. డాక్టరు కాగితం చేతిలో పట్టుకుని నవ్వుతూ ఉన్నాడు, ఆయన అట్లా నవ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు. "ఒకటి పాయింట్ ఒకటి! నీ రక్తం నీకు తిరిగొచ్చిందమ్మా. గోలీలు ఇగ అవసరం లేదు. చేతికి మాత్రం ఆ కసరత్తు చేస్తనే ఉండాలె, అది ఎంత వస్తదో అంతే వస్తది, పూర్తిగ మునుపటి లెక్క అంటే నేను మాటియ్యలేను." తర్వాత ఇంకో కాగితం ముందుకు లాక్కున్నాడు. అదే, పెద్దమనుషులు అడిగిన కాగితం. పెన్ను మూత తీశాడు. "ఇప్పుడన్న చెప్పు. ఎందుకు తిన్నవు?"

పద్మజ నాగేశ్ వైపు తిరిగింది. డాక్టరు కూడా ఆమె చూపు వెంట అతని వైపు చూశాడు. నాగేశ్ గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. పైన ఫ్యాను కిర్రుమంటోంది, బయట బస్సు హారను కొట్టింది, టేబులు మీద కాలేయం బొమ్మ ఒకటి ఉంది, ఎర్రగా, దుమ్ము పట్టి. చెప్పు. చెప్పవయ్యా. ఒక్క ముక్క. నా కోసం వద్దు, నీ పిల్ల కోసం చెప్పు. "సార్" అన్నాడు నాగేశ్. "ఏంది?" అన్నాడు డాక్టరు. "జర ఫ్యాను పెంచుతరా సార్. ఆమెకు చెమట పడుతుంది."

ఇక ఏముంది. తనే చెప్పొచ్చు, ఇదిగో ఈయన కలిపిన నూకలు నేను తిన్నాను అని. ఎవరు నమ్ముతారు? ఇన్నాళ్లూ తినలేదన్నది, ఇప్పుడు మొగుడి మీదికి తోస్తోంది, మనసింకా కుదుటపడలేదు అని రాసుకుంటాడు. మళ్లీ మూడు నెలలు. మూడు నెలలయ్యేసరికి మళ్లీ సంక్రాంతి, మళ్లీ పరీక్షలు, పిల్ల తల్లిని మరిచి మేనత్తను అమ్మా అంటుంది. నమ్మితే మాత్రం? నమ్మితే పోలీసులు, పిల్ల తండ్రి జైల్లో, తల్లి చెయ్యి చచ్చుది. ఎటు తిరిగినా పిల్లే నలుగుతుంది. ఒక నిజం కోసం పదకొండు నెలలు పోట్లాడింది, అది దొరికిన గంటలోనే అమ్ముకోవాల్సి వచ్చింది.

"తిన్న సార్" అంది.

డాక్టరు పెన్ను ఆగింది. "ఏమన్నవు?"

"తిన్న. ఇంట్ల లొల్లి అయింది. కోపం మీద తిన్న. ఇగ తినను."

ఆశ్చర్యం, మాటలు తడబడలేదు. నిజం చెప్పినప్పుడల్లా తడబడిన నాలుక ఇప్పుడు గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "ఈ ముక్క మొదలే చెప్తే బిడ్డ ఎప్పుడో ఇంటికొచ్చేది గదమ్మా!" అన్నాడు డాక్టరు, నిజంగానే సంబరపడి. గబగబా రాశాడు. రాసింది పైకి చదివాడు, విషం తిన్నట్టు తానే ఒప్పుకున్నది, తప్పు తెలుసుకున్నది, మళ్లీ చేయనని మాట ఇచ్చింది, ఇంటి పనులు చేసుకోవచ్చు, పిల్లను దగ్గర ఉంచుకోవచ్చు. "ఇంకొకటమ్మా. పదకొండు నెలలు నీ వెంట తిరిగిండు ఈయన. నేను రోజు చూస్తుంట, ఇట్ల మందు తిన్న భార్యను తల్లిగారింట్ల వదిలేసి పోయేటోళ్లే ఎక్కువ. ఇసొంటి మొగడు దొరికినందుకు సంతోషపడు." పద్మజ "అవును సార్" అంది. ఎడమ చేత్తో వంకరటింకరగా సంతకం పెట్టింది. నాగేశ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

మెట్లు దిగి వేపచెట్టు నీడలో నిలబడ్డారు. ఆటోలు పిలుస్తున్నాయి, చాయ్ బండి దగ్గర ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. నాగేశ్ ఏదో అనబోతున్నాడు, పద్మా అన్నాడు, నీ కాళ్లు మొక్కినా తప్పులేదు అన్నాడు, ఆమె వినిపించుకోలేదు. అంతలో ఆమె చేతిలో ఫోను మోగింది. మేనత్త నంబరు, అవతల అమూల్య. బడికి పోకుండా రిపోర్టు కోసం కూర్చున్నట్టుంది, ఊపిరి పీల్చుకోకుండా అడిగింది.

"అమ్మా, కాగితమిచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు బిడ్డా. రేపు ఐతారం నాయిన వచ్చి తీస్కొస్తడు."

అవతల కేక, గంతులు, మేనత్త నవ్వు. మళ్లీ పిల్ల గొంతు, ఈసారి పోట్లాటకు పోయేముందు అడిగినట్టు. "మా అమ్మ మందు తినలేదని రాసిండ్రు గద? అండ్ల గట్లనే ఉంది గద? నాయిన తెస్తే బడికి పట్టుకపోయి ఆ పిల్లకు చూపిస్త. టీచర్‌కు గూడ చూపిస్త."

పద్మజ నోరు తెరిచింది. ఇందాక అంత తేలికగా జారిన అబద్ధం ఇప్పుడు కదలలేదు. పిల్ల రేపు వస్తుంది, కాగితం చదువుతుంది, చదవడం వచ్చిన పిల్ల.

"తిన్ననని రాసిండ్రు బిడ్డా."

అవతల గంతులు ఆగాయి. చిన్న గొంతు అడిగింది. "ఎవరు చెప్తే రాసిండ్రు?"

"నేనే చెప్పిన."

"మరి నాకు తినలేదని చెప్తివి గద? నేను అందరితోని కొట్లాడితి గద అమ్మా? నిజంగనే తిన్నవా?"

తారు రోడ్డు మీద ఎండ కళ్లలో గుచ్చుతోంది. పద్మజ ఫోను చెవి నుంచి తీసింది. డాక్టరుకు చెప్పింది, పెద్దమనుషులకు కూడా చెప్తుంది, ఊరందరికీ చెప్తుంది, కానీ ఈ ఒక్క పిల్లకు చెప్పడం తన వల్ల కాదు. "మీ నాయిన ఈడ్నే ఉన్నడు బిడ్డా, నాయిననడుగు" అని ఫోన్లోకి చెప్పి, దాన్ని నాగేశ్ చేతిలో పెట్టింది. అతను వద్దన్నట్టు వెనక్కి జరిగాడు. ఆమె అతని వేళ్లను ఫోను చుట్టూ మూసి, ఎడమ చేత్తో గట్టిగా ఒత్తి పట్టుకుంది.

"నాయినా" అంది పిల్ల. "నాయినా, అమ్మ తిన్నదా?"

నాగేశ్ ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. పద్మజ అతని మొహంలోకే చూస్తోంది.